గల్లీలో దొంగతనాలు తగ్గాలంటే: ఇరుగుపొరుగు కలిసి చేసుకోవాల్సిన ఏర్పాట్లు

"మా గల్లీలో రెండిళ్లల్లో దొంగలు పడ్డారు. ఎన్ని కెమెరాలు పెట్టించమంటారు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఇక్కడ కెమెరాల సంగతి ఆరో అంచెలో వస్తుంది. ముందరి ఐదూ వదిలేసి కెమెరాలు బిగించుకున్న చోట, దొంగతనం జరిగాక చేతికొచ్చేది మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక ఆకారం, దాని ముందు మెరిసే సాలెగూడు.

ఇది విడి ఇళ్ల కాలనీలకు, బస్తీలకు, చిన్న అపార్ట్‌మెంట్లున్న గల్లీలకు రాసింది. గేటెడ్ కమ్యూనిటీల లెక్క వేరు. ఒక హద్దు మొదటే గీసుకోండి: గ్రూపు పని చూడటం, రాసుకోవడం, ఫోన్ చేయడం. పట్టుకోవడం దాని పని కాదు.

1. కాలనీ మొత్తం వద్దు, ఒక్క గల్లీతో మొదలుపెట్టండి

15 నుంచి 25 ఇళ్లు చాలు. గేటు దగ్గర నిలబడితే కనిపించేంత మేర. మూడొందల ఇళ్ల కాలనీని ఒకేసారి కలపబోతే సమావేశమంతా డ్రైనేజీ, పార్కింగ్, అసోసియేషన్ ఎన్నికల గొడవల్లో కరిగిపోతుంది. ఒక గల్లీలో మూడు నెలలు నడిస్తే పక్క గల్లీవాళ్లు వాళ్లే వచ్చి అడుగుతారు.

ఎక్కువ చోట్ల జరిగే తప్పు ఓనర్లను మాత్రమే పిలవడం. అద్దెకున్నవాళ్లు, పై పోర్షన్‌లో ఉండే బ్యాచిలర్లు, వాచ్‌మన్ కుటుంబం, కిరాణా దుకాణం ఆయన, ఇస్త్రీ బండి అతను, వీళ్లందరూ కావాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా గల్లీని చూస్తూ ఉండేది ఇస్త్రీ బండే. ఆఫీసుకెళ్లిన ఓనరు కాదు.

ఒక పుస్తకం పెట్టండి. కాగితం మీదే రాయండి. రెండు కాపీలు, ఇద్దరి ఇళ్లల్లో. ఇంటికో పేజీలో ఉండాల్సినవి:

- ఇంటి నంబరు, ఉండేవాళ్ల పేర్లు, రెండు ఫోన్ నంబర్లు
- ఆ ఇల్లు తాళం ఉన్నప్పుడు పిలవదగ్గ ఒక బంధువు నంబరు
- బండ్లు, కార్ల నంబర్లు
- ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఉంటే ఆ సంగతి
- పనిమనిషి, డ్రైవర్, పాలవాడు వచ్చే వేళలు

రాయకూడనివి: ఎవరు ఎప్పుడు ఊరెళ్తారో, బీరువా ఎక్కడుందో, తాళం చెవి ఎవరి దగ్గరుందో. ఈ పుస్తకాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే దొంగకు అచ్చేసి ఇచ్చినట్టే.

2. మొదటి సమావేశం

ఆదివారం పొద్దున పదింటికి, ఎవరి డాబా మీదైనా, 45 నిమిషాలు. మధ్యాహ్నం ఇంట్లో ఉండే ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు వారం రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ఇంకోసారి పెట్టండి. పగటి దొంగతనాల ముందు జరిగే రెక్కీ కంటపడేది వీళ్లకే, ఆదివారం సమావేశంలో నోరు విప్పనిదీ వీళ్లే.

తేల్చుకోవాల్సినవి నాలుగే. పోలీసులతో మాట్లాడేది ఎవరు, లైట్ల ఫిర్యాదులు ఎవరు చూస్తారు, పుస్తకం ఎవరి దగ్గర, డబ్బులు ఎవరి దగ్గర. ఒక్కో పనికి ఇద్దరు, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు. అధ్యక్షుడు, గౌరవ సలహాదారు లాంటి పదవులు అక్కర్లేదు. అవి మొదలైతే పనికన్నా ఫ్లెక్సీ ముందు వస్తుంది.

సమావేశం తెలుగులో జరిగినా, ముఖ్యమైన నాలుగు మాటలు హిందీలోనో ఉర్దూలోనో వాయిస్ మెసేజ్ చేయండి. మన గల్లీల్లో తెలుగు చదవలేనివాళ్లు చాలామంది ఉంటారు.

3. గల్లీని రెండుసార్లు నడిచి చూడండి

ఒకసారి మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య. ఇంకోసారి రాత్రి పదకొండుకు. నలుగురు, ఒక నోటు పుస్తకం, ఒక టార్చి. తెల్లకాగితం మీద గల్లీ బొమ్మ గీసి, ఏడాదిగా జరిగినవన్నీ చుక్కలు పెట్టండి: బండి పోయింది, చైన్ లాగారు, సిలిండర్ ఎత్తుకుపోయారు, ఆడపిల్ల వెంటపడ్డారు. పక్కన వేళ రాయండి. పది చుక్కలు పడేసరికి ఏ మలుపు, ఏ వేళ అన్నది చాలాసార్లు దానంతటదే బయటపడుతుంది.

నడిచేటప్పుడు చూడాల్సినవి:

- వెలగని లైట్లు, వాటి స్తంభాల నంబర్లు
- కొమ్మలు కమ్మేసిన లైట్లు
- ఖాళీ ప్లాటు, కడుతూ వదిలేసిన బిల్డింగ్, వాటి గోడ ఏ ఇంటి డాబాకు ఆనుకుని ఉందో
- గోడ పక్కన వదిలేసిన నిచ్చెన, ఇటుకల కుప్ప, పాత కారు
- బయటకు దారి తీసే సందులు: బండి పట్టేవి, మనిషి మాత్రమే పట్టేవి
- డాబా మీది మెట్ల గది తలుపు. వీధి తలుపుకు మూడు గడియలుంటాయి, ఇక్కడ పావు అంగుళం ప్లైవుడ్, ఒక చిన్న గొళ్లెం

4. పోలీస్ స్టేషన్‌తో పరిచయం దొంగతనానికి ముందే

ముందు మీ గల్లీ ఏ స్టేషన్ కిందికి వస్తుందో ఖాయం చేసుకోండి. రోడ్డుకు ఈ పక్క ఒక స్టేషన్, ఆ పక్క ఇంకోటి కావడం హైదరాబాద్‌లో మామూలే. పక్కింటాయన చెప్పింది నమ్మకండి, స్టేషన్‌కే వెళ్లి అడగండి.

ముగ్గురు వెళ్లండి. వారిలో ఒకరు మహిళ. ఒక పేజీ లెటర్, దానికి మీరు గీసిన బొమ్మ జత. "నేరాలు పెరిగాయి, చర్యలు తీసుకోగలరు" అన్న లెటర్ ఫైల్లోకి పోతుంది. "నెలలో మూడుసార్లు, సాయంత్రం ఆరు, ఏడున్నర మధ్య, పార్కు వెనక మలుపులో" అని ఉన్న లెటర్ గస్తీ వేళను మార్చగలదు. అడగాల్సినవి:

- సెక్టార్ ఎస్సై గారి పేరు, నంబరు
- బ్లూ కోల్ట్స్ (బైకుల మీద గస్తీ తిరిగే పోలీసులు), పెట్రోలింగ్ కారు మీ గల్లీకి వచ్చే వేళలు, వాళ్ల డ్యూటీ నంబరు
- గల్లీ చివర ఒక గస్తీ పాయింట్ పెట్టగలరా
- కెమెరాలు పెడితే ఎక్కడ పెట్టడం వాళ్లకు ఉపయోగం. 'నేను సైతం' పేరుతో తెలంగాణ పోలీసులు కాలనీ కెమెరాలను ప్రోత్సహించారు కాబట్టి ఈ ప్రశ్న వాళ్లకు కొత్త కాదు

ఎస్సైలు బదిలీ అవుతుంటారు. కొత్తవారు రాగానే మళ్లీ వెళ్లి కలవాలి. ఇది మరిచిపోయే గ్రూపులే ఎక్కువ.

ఇంకో అలవాటు: చిన్న దొంగతనమైనా ఫిర్యాదు రాసివ్వండి. "పోయింది సైకిలేగా" అని వదిలేస్తే స్టేషన్ లెక్కల్లో మీ గల్లీ ప్రశాంతంగానే ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, ఇంటి దొంగతనంలాంటి పోలీసులు నేరుగా విచారించదగ్గ నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

5. లైట్లు, తలుపులు

డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఇక్కడే. వీధి దీపాల ఫిర్యాదు జీహెచ్‌ఎంసీ పరిధిలో 040-21111111కు గానీ యాప్‌లో గానీ చేయండి. స్తంభం నంబరు, దగ్గరి ఇంటి నంబరు చెప్పండి. "మా గల్లీలో లైట్ల్లేవు" అంటే వచ్చినవాళ్లు ఏదో ఒకటి మార్చి పోతారు. ఫిర్యాదు నంబరు రాసుకుని నాలుగో రోజు మళ్లీ చేయండి. ఒకే లైటు గురించి ఐదిళ్లవాళ్లు వేర్వేరుగా చేసినా నష్టం లేదు.

లైటొచ్చేదాకా ఒక్కో ఇల్లు గేటు మీద 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేసుకుంటే చాలు. సూర్యాస్తమయానికి తనంతట వెలిగి, తెల్లారితే ఆరే సెన్సర్ హోల్డర్‌లో పెట్టండి. పట్టపగలు వెలుగుతున్న గేటు లైటు "ఇంట్లో ఎవరూ లేరు" అని చెబుతుంది.

తలుపుల సంగతి: గొళ్లేనికి వేలాడే తాళం కప్ప రెండు రకాలుగా చెడ్డది. తాళం ఉందని వీధికి చూపిస్తుంది, పైగా ఒక ఇనుప కడ్డీతో గొళ్లెంతో సహా ఊడొస్తుంది. ఎంత ఖరీదైన తాళమైనా బలం గొళ్లేన్ని పట్టుకున్న స్క్రూలదే. అర అంగుళం స్క్రూలు తీసి, ద్వారబంధంలోకి రెండంగుళాలు దిగేవి వేయించండి. వీలైతే తలుపు లోపలే ఉండే ఇంటర్‌లాక్ పెట్టించండి. వడ్రంగిని ఒకరోజు పిలిచి గల్లీలో అన్ని ఇళ్లూ ఒకేసారి చేయిస్తే కూలి కలిసొస్తుంది.

6. కెమెరాలు: తక్కువ పెట్టండి, సరిగ్గా పెట్టండి

ముఖం గుర్తుపట్టాలంటే చిత్రంలో ప్రతి మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్లు పడాలి. 4 మెగాపిక్సెల్ కెమెరా చిత్రం అడ్డంగా 2560 పిక్సెళ్లు. అంటే పది మీటర్ల వెడల్పు చూపించే దూరం వరకే ముఖం తెలుస్తుంది. షాపువాడు మామూలుగా ఇచ్చే 2.8 మి.మీ. లెన్స్ బాగా వెడల్పు చూపిస్తుంది కాబట్టి, దానితో ముఖం తెలిసేది నాలుగైదు మీటర్ల లోపే. 6 మి.మీ. లెన్స్‌తో ఆ దూరం దాదాపు పది మీటర్లు. కొనేటప్పుడు మెగాపిక్సెల్ ఒక్కటే అడిగి లెన్స్ అడగకపోవడమే అసలు తప్పు.

20 ఇళ్ల గల్లీకి నాలుగు చాలు: రెండు చివర్లలో లోపలికొచ్చే ముఖాలకు చెరొకటి, మధ్యలో గల్లీ మొత్తం కనపడేలా ఒకటి, బండ్ల నంబర్లకు ఒకటి. ఆ నాలుగోది స్పీడ్ బ్రేకర్ దగ్గర పెట్టండి, బండి అక్కడ నెమ్మదిస్తుంది. షటర్ వేగం సెకనులో 500వ వంతు లేదా అంతకన్నా తక్కువ సమయానికి సెట్ చేయించాలి. హెడ్‌లైట్ వెలుగును అణిచే సెట్టింగు ఉన్న కెమెరా అయ్యుండాలి. లేదంటే రాత్రిపూట నంబరు ప్లేటు తెల్లటి మచ్చ.

ఎత్తు మూడు నుంచి మూడున్నర మీటర్లు. చేతికందకుండా ఉండాలని ఆరు మీటర్ల పైన బిగిస్తే నెత్తి మీది టోపీలే రికార్డవుతాయి. పగలగొడతారన్న భయం ఉంటే, ఒక కెమెరాను ఇంకోటి చూసేలా పెట్టండి.

హార్డ్‌డిస్క్ లెక్క: కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజుకు 21.6 జీబీ, నెలకు దాదాపు 650 జీబీ. నాలుగింటికి 2.6 టీబీ, కాబట్టి 4 టీబీ నిఘా డిస్క్ తీసుకుంటే 30 రోజులకు పైగా ఆగుతుంది. కంప్యూటర్‌కు వాడే మామూలు డిస్క్ రాత్రింబవళ్లు రాయడానికి తట్టుకోదు. ఎన్నాళ్లు ఉంచాలన్న దానికి 30 రోజులే మంచి కొలత. నూరుమంది చేరే దుకాణాలు, సంస్థలకు 2013 నాటి ప్రజా భద్రతా చట్టం పెట్టిన గడువూ అదే. ఊరెళ్లినవాళ్లు పది రోజులకు తిరిగొచ్చి చూసుకునేసరికి ఫుటేజీ చెరిగిపోకూడదు కదా.

బిగించేటప్పుడు:

- నెట్‌వర్క్ కేబుల్ ఒక్కో వరుస 90 మీటర్లు దాటనివ్వకండి
- కేబుల్‌ను కరెంటు స్తంభాలకు చుట్టొద్దు. ప్రమాదం, పైగా విద్యుత్ సిబ్బంది కోసేస్తారు. గోడల వెంట పైపులో తీసుకెళ్లండి
- కరెంటు ఒక ఇంటి మీటరు నుంచి, గంటసేపు నిలిచే యూపీఎస్‌తో
- రికార్డర్ ఒకరి ఇంట్లో తాళమేసిన అల్మరాలో. మెట్ల కింద వాచ్‌మన్ గదిలో పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు
- కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చాలి, ఇద్దరికే తెలియాలి
- ఎవరి కిటికీ, బాల్కనీ, బాత్రూమ్ వెంటిలేటర్ కెమెరాలో పడకూడదు. పడితే ఆ భాగాన్ని సెట్టింగుల్లో నల్లగా మూసేయించండి

వినాయక చవితి మండపాలు, ఎన్నికల ఫ్లెక్సీలు కెమెరాలకు అడ్డంగా లేస్తుంటాయి. మండపం కర్రలు పాతే రోజే వెళ్లి చెప్పాలి. కట్టాక చెబితే గొడవ.

ఏదైనా జరిగాక ఫుటేజీని వాట్సాప్‌లో పంపుకోకండి. నాణ్యత పోతుంది, దొంగకూ తెలుస్తుంది. రికార్డర్ నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసి పోలీసులకివ్వండి. కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. దాని మీద ఒక నిపుణుడితో పాటు రికార్డర్ బాధ్యత చూసే మనిషి కూడా సంతకం పెట్టాలి కాబట్టి ఆ మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. రికార్డర్ గడియారం పన్నెండు నిమిషాలు తప్పుంటే దిద్దకుండా, ఎంత తేడా ఉందో రాసివ్వండి.

7. వాట్సాప్ గ్రూపు

రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి అలర్ట్ గ్రూపు, ఇందులో గుడ్ మార్నింగులు, పండగ శుభాకాంక్షలు, రాజకీయాలు ఉండవు. మిగతావన్నీ రెండోదాంట్లో. ఒకే గ్రూపైతే నెలలోపు అందరూ మ్యూట్ చేస్తారు, అసలు రోజు ఎవరూ చూడరు.

పనికిరాని మెసేజ్: "ఎవరో అనుమానంగా తిరుగుతున్నారు, అందరూ జాగ్రత్త."

పనికొచ్చే మెసేజ్: "మధ్యాహ్నం 2:40. 14వ నంబరు ఇంటి ముందు. ఇద్దరు మగవాళ్లు, నల్ల పల్సర్, నంబరు చివర 4417. తాళమున్న గేటును రెండుసార్లు ఊపి చూశారు. నీళ్ల ట్యాంక్ వైపు వెళ్లారు. 100కు చేశాను."

రెండోదాంట్లో వేళ, చోటు, చేసిన పని, పోయిన దిక్కు ఉన్నాయి. మనిషి రంగు, మాట్లాడే భాష, మతం లేవు. గేటు ఊపడం అనుమానించదగ్గ పని. చిరిగిన బట్టలు, వేరే రాష్ట్రపు యాస, చిత్తుకాగితాలు ఏరుకోవడం అనుమానాలు కావు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో పుకార్లు తిరిగినప్పుడు చంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. అందుకే ఒక నియమం: తాను కళ్లారా చూడనిది ఎవరూ అలర్ట్ గ్రూపులో పెట్టకూడదు. ఫార్వర్డ్ వస్తే అడ్మిన్ వెంటనే తీసేయాలి.

8. ఫోన్ ఎవరు చేయాలి, ఏం చెప్పాలి

చూసినవాళ్లే చేయాలి. గ్రూపులో అడిగి, పదిమంది "అవునా" అనేసరికి పది నిమిషాలు పోతాయి. 100 గానీ 112 గానీ. ముందు చోటు చెప్పండి: కాలనీ, రోడ్డు నంబరు, అందరికీ తెలిసిన గుర్తు. తర్వాత జరుగుతున్నది, ఎంతమంది, చేతిలో ఏముంది, ఏ వైపు. లైన్ పెట్టేయకండి. ఫ్రిజ్ మీద అంటించుకోవాల్సిన మిగతా నంబర్లు: మహిళలకు 181, పిల్లలకు 1098, పెద్దవాళ్లకు 14567, ఆన్‌లైన్ మోసానికి 1930. ఈ చివరిదానికి డబ్బు పోయిన నిమిషాల్లోనే చేస్తే ఖాతాలో ఆపగలిగే అవకాశం ఎక్కువ.

దొంగ చేతికి చిక్కితే? కళ్లముందు జరిగిన తీవ్ర నేరంలో, అంటే పోలీసులు నేరుగా అరెస్టు చేయదగ్గ, బెయిలు హక్కుగా దొరకని నేరంలో, మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చని నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. స్తంభానికి కట్టి కొడితే కేసు కొట్టినవాళ్ల మీద అవుతుంది. కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి, 100కు చేయండి.

9. సంక్రాంతికి, దసరాకు గల్లీ ఖాళీ అయ్యేటప్పుడు

వెళ్లేవాళ్లు స్టేషన్‌లో, పక్కింట్లో, పుస్తకం ఉన్నవారికి చెప్పాలి. గ్రూపులో గానీ ఫేస్‌బుక్‌లో గానీ పెట్టకూడదు. ఉండిపోయినవాళ్లు తాళమేసిన ఇళ్లను తలా రెండేసి చొప్పున పంచుకోండి. ఆ ఇళ్లకు రోజూ చేయాల్సినవి:

- పొద్దున వాకిలి ఊడ్చి నాలుగు గీతల ముగ్గు. సంక్రాంతి నెలలో ముగ్గు లేని వాకిలే తాళానికన్నా ముందు కనపడుతుంది
- పేపరు, పాల ప్యాకెట్లు, కొరియర్లు తీసేయడం
- గుమ్మం ముందు ఒక జత చెప్పులు వదలడం, అవీ రోజూ కొంచెం జరపడం
- రాత్రి ఒకసారి వెనక వైపు, మెట్ల గది తలుపు చూడటం

బంగారం బీరువాలో వదిలి ఊరెళ్లడం కన్నా బ్యాంకు లాకర్ మేలని అందరికీ తెలుసు, చేసేవాళ్లు తక్కువ. "బంగారానికి మెరుగు పెడతాం" అంటూ మధ్యాహ్నం పూట వచ్చేవాళ్ల విషయం ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మలకు, అమ్మమ్మలకు ఒక్కొక్కరికీ నేరుగా చెప్పండి. ఆ ద్రావణంలో నగ కరిగి బరువు తగ్గుతుంది. తేడా తెలిసేది తూకం వేసినప్పుడే.

10. వాచ్‌మన్, డబ్బు

ఏజెన్సీ నుంచి గార్డును పెట్టుకుంటే 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం కింద దానికి లైసెన్స్ ఉందో లేదో చూడండి. పన్నెండు గంటల డ్యూటీ వేసి, కుర్చీ, టాయిలెట్ లేకుండా నిలబెట్టి, రెండింటికి నిద్రపోయాడని తిట్టడం అన్యాయం, నిష్ఫలం కూడా. గంటకోసారి గల్లీ రెండు చివర్లలో పెట్టిన పుస్తకంలో వేళ రాయమనండి. కొత్తగా అద్దెకొచ్చేవాళ్ల, పనికి కుదిరేవాళ్ల గుర్తింపు కార్డు నకలు, ఫోటో ఓనరే తీసుకోవాలి. వాటిని గ్రూపులో పెట్టకూడదు.

చందా ఇంటికి ఒకే మొత్తం. కెమెరాల ధరతో పాటు ఏటా మెయింటెనెన్స్‌కు పక్కన పెట్టకపోతే రెండో ఏడాదికి సగం ఆరిపోతాయి. బ్యాంకు ఖాతా కావాలంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో నమోదు చేసుకోవచ్చు. ఒక్క గల్లీకి అదంతా అవసరం లేదు. ఇద్దరి సంతకాల పుస్తకం, నెలకోసారి లెక్క ఫోటో చాలు.

11. నెలకోసారి పరీక్ష

ప్రతి నెలా మొదటి ఆదివారం రాత్రి తొమ్మిదికి, ఇద్దరు, అరగంట:

- ఒకరు ప్రతి కెమెరా కింద నడవాలి, ఇంకొకరు రికార్డర్ దగ్గర ఆ ముఖం గుర్తుపట్టగలరా చూడాలి
- పాతికో రోజు కిందటి ఫుటేజీ తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే రికార్డింగు మధ్యలో ఆగిందనో, గడువుకు ముందే చెరిగిపోతోందనో అర్థం
- గడియారం ఫోన్‌తో సరిచూడాలి
- పొడవాటి కర్రకు గుడ్డ చుట్టి లెన్స్ మీది సాలెగూళ్లు దులపాలి. రాత్రిపూట కెమెరా పంపే తప్పుడు అలర్టుల్లో చాలావరకు సాలీళ్లవే
- ఆరిన లైట్ల స్తంభాల నంబర్లు రాసుకుని సోమవారం పొద్దున ఫిర్యాదు చేయాలి
- గల్లీలో కొత్తగా దిగిన కుటుంబం ఉంటే తలుపు తట్టి పుస్తకంలో పేజీ తెరవాలి